మనలాంటి కారు ఎదురైతే చెయ్యెత్తాలి

ఫిబ్రవరి 1, 2004, ఆదివారం. ఉదయం 5.20

కారు బానెట్ మీద పల్చగా బూడిద. బూడిద మీద కోడి కాళ్ల గుర్తులు. అద్దం దాకా వెళ్లి, అక్కడ ఏదో ఆలోచించుకుని, వెనక్కి తిరిగాయి. పాల్వంచ థర్మల్ కాలనీలో రాత్రి కడిగిన కారు తెల్లారేసరికి ఇలాగే ఉంటుంది.

ఇవాళ్టి నుంచి దీక్ష!

సంగతి ఇది. పోయిన దసరాకి ఒక కాంట్రాక్టరు పుణె వెళ్లిపోతూ తన ఎర్ర స్పోర్ట్స్ కారును మా బాపుకి అమ్మాడు. రెండే సీట్లు. పైకప్పు గుడ్డది, మడిచేయొచ్చు. ఒళ్లంతా ఫైబర్. బాపు తమ్ముడు ధన్‌సింగ్ కాకా, కాలనీ షిఫ్టు బస్సు డ్రైవరు, తెచ్చి ఇంటి ముందు ఆపాడు. అమ్మ వేలు మడిచి కొట్టి చూసింది.

"ప్లాస్టిక్ బిందె లెక్కుంది. మనం ముగ్గురం, సీట్లు రెండు. నన్నేడ కూసోబెడతవ్, డిక్కిలనా?"

బాపు నవ్వాడు. మర్నాడే నన్ను డ్రైవింగ్ స్కూల్లో చేర్పించాడు. లైసెన్సు వచ్చింది. కానీ ఆ కారెక్కితే ఊరంతా నన్నే చూస్తుంది. అందుకని ఇప్పటిదాకా మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకానే నడిపాను. అది కూడా మధ్యాహ్నం, అందరూ పడుకున్నాక.

నిన్న బాపు తేల్చేశాడు. "వచ్చే నెలాఖరు దాకా చూస్త బిడ్డా. నువ్వు నడుపుతే ఉంటది. లేకుంటే సత్తుపల్లాయనకు ఇచ్చేస్త."

సత్తుపల్లాయన పెళ్లి ఊరేగింపులకు బండ్లు కిరాయికి ఇస్తాడు. ఈ కారు సీట్లు పీకేసి, వెనక హంస సింహాసనం బిగిస్తాడట. హంస!

నిన్ననే పుణె నుంచి ఒక కాగితం కూడా వచ్చింది. ఈ కారు ఉన్నవాళ్లందరికీ అక్కడొక సంఘం ఉంది. నడిపేది ఒక రిటైర్డ్ కర్నల్. ఆయన ప్రశ్న: "నెలలో ఎన్నిసార్లు మనలాంటి కారు రోడ్డు మీద ఎదురైంది?" పోయినసారి జవాబులు: గోవా 9, బొంబాయి 4, బెంగళూరు 3. మా జిల్లా నుంచి ఎవరూ రాయలేదు. కింద ఒక సూచన: ఎదురైతే లైటు రెండుసార్లు వేసి, కుడి చెయ్యి ఎత్తి పలకరించాలి.

పన్నెండేళ్ల కాన్వెంటు చదువులో, జవాబు తెలిసినా నేను ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు.

నియమాలు:
1. రోజూ ఆరుకల్లా బయల్దేరాలి. పెద్దమ్మ గుడి దాకా వెళ్లి, ఒక గంట లెక్కపెట్టి రావాలి. భద్రాచలం వెళ్లే ప్రతి బండీ అక్కడ ఆగుతుంది.
2. ఒంటరిగా.
3. మనలాంటి కారు ఎదురైతే చెయ్యెత్తాలి.
4. సాకులు చెప్పరాదు.

ఉదయం 8.15

వెళ్లాను! వచ్చాను! రెండుసార్లే ఆగిపోయింది. నన్ను చూసినవాళ్లు: అందరూ. నేను చూసింది: రోడ్డు.

గుడి దగ్గర ఆపగానే ఒక పూజారి గారు వచ్చి, "కొత్త బండా? శుభం," అంటూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కాదని చెప్పేలోపు హారతి కూడా అయిపోయింది.

లెక్క: 0. పర్వాలేదు, మొదటి రోజు.

ఫిబ్రవరి 2, సోమవారం

0. పూజారి గారు మళ్లీ నిమ్మకాయలు పెట్టారు. ఇది నిన్నటి బండేనని చెప్పలేకపోయాను.

అద్దం ముందు చెయ్యెత్తడం సాధన చేశాను. ఇరవైసార్లు. అమ్మ గుమ్మంలోంచి చూసింది.

"ఎవల్ని పిలుస్తున్నవే?"

"ఎవర్నీ కాదు."

"మరి గట్ల ఊపకు, ఎవలన్నా వస్తరు."

ఫిబ్రవరి 3, మంగళవారం

0. గుడి దగ్గరి టీ కొట్టు వీరబాబు గ్లాసు అందిస్తూ అడిగాడు. "మేడం, పెండ్లికి కిరాయెంత?"

"ఇది కిరాయి బండి కాదండీ."

"మరెందుకు పైకప్పు తీసేసిన్రు?"

జవాబు రాత్రి పడుకునే ముందు తట్టింది. ఇక్కడ రాయడం అనవసరం.

ఫిబ్రవరి 5, గురువారం

మేడారం జాతర! ఈ రోడ్డు మీద ఇన్ని బండ్లు నేనెప్పుడూ చూడలేదు. ఒక్క గంటలో: జీపులు 41, ట్రాక్టర్లు 63, ఎడ్లబండ్లు 9, ఆర్టీసీ బస్సులు లెక్క తప్పాయి. మనలాంటివి 0.

కానీ ఇవాళ అసలు విశేషం అది కాదు. బెల్లం ముద్ద చంకన పెట్టుకుని ఒక పెద్దావిడ తిన్నగా వచ్చి, తలుపు తీసుకుని, పక్క సీట్లో కూర్చుంది.

"మొండికుంట కాడ దించు బిడ్డా. ఆడ మావోళ్ల ట్రాక్టరుంది. నా పేరు భీమక్క."

నాకు కాదనడం రాదని ఆమెకి ఎలా తెలిసిందో! దారిపొడవునా పైకి చూస్తూనే ఉంది.

"పైన ఏం లేదేంది? పైసల్ చాల్లేదా?"

"కావాలనే అలా చేస్తారమ్మా."

"వానొస్తే?"

"గుడ్డ కప్పుతాం."

"గంతేనా. మా బండికీ గంతే." ఆమెకి నా కారు మీద అప్పుడు నమ్మకం కుదిరింది. దిగేటప్పుడు బెల్లం అంచు విరిచి నా చేతిలో పెట్టింది.

మొత్తం యాభై కిలోమీటర్లు నడిపాను! బాపుకి చెప్తే రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఫిబ్రవరి 7, శనివారం

0. పూజారి గారు అడిగారు. "మీ కుటుంబంలో మొత్తం ఎన్ని ఎర్ర కార్లున్నాయి తల్లీ? ఇది ఏడోది కదా?"

జిల్లాలో మనలాంటి కార్లు ఏడు చూసినవాడు ఆయనొక్కడే. పుణెకి ఆయన చేత రాయిస్తే గోవా తర్వాత మనమే.

ఫిబ్రవరి 9, సోమవారం

వెళ్లలేదు. పూజారి గారికి ఎనిమిదో కారు గురించి ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి. ఇది సాకు కాదు, కారణం.

ఫిబ్రవరి 10, మంగళవారం

మంచు.

ఫిబ్రవరి 11, బుధవారం

మంచు లేదు. కానీ ఉంటుందనుకుని లేవలేదు.

నియమం 1 సవరణ: గుడి దాకానే వెళ్లాలని ఏముంది? మా వరండాలోంచి కూడా రోడ్డు కనిపిస్తుంది. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒళ్లో నవల. నలభై పేజీలు అయ్యాయి. తలెత్తి చూసినప్పుడల్లా ఆటోలు. 0.

ఫిబ్రవరి 14, శనివారం

వీరబాబు ఇంటికే వచ్చాడు. వాళ్ల బావమరిది పెళ్లికి కారు కావాలట. బాపు నా వైపు చూశాడు. "ఇయ్యాల నడుపుతున్నవా బిడ్డా?"

ఎదురుగా నవల. ఇంకా అరవై పేజీలున్నాయి. "లేదు బాపూ."

"అయితే ఒక్కసారికి ఇద్దాం. ఉత్తగనే. పెండ్లి పని."

కాకా నడిపాడు. సాయంత్రం సీట్ల సందుల్లోంచి చారెడు అక్షింతలు దులిపాను.

ఫిబ్రవరి 16, సోమవారం

ఇంకో పెళ్లి. ఈసారి నన్నడగలేదు. అడగలేదని కోపం రావాలి. లేవక్కర్లేదని హాయిగా అనిపించింది. ఈ వాక్యం కొట్టేయాలి.

ఫిబ్రవరి 18, బుధవారం

వరసగా రాస్తాను.

ఖమ్మం లైబ్రరీలో పుస్తకాలు ఇవ్వాలి. బస్సులో బయల్దేరాను. (కారులో వెళ్లొచ్చుగా అని అడగకు డైరీ. కారు జూలూరుపాడు పెళ్లికి పోయింది.) కిటికీ సీటు. కొత్తగూడెం దాటాక అడవి. చదువుకుంటూ ఎందుకో తలెత్తాను.

ఎదురుగా వస్తోంది! ఎర్రది! రెండు సీట్లు! పైకప్పు లేదు!

లేచి నిలబడ్డాను. కిటికీలోంచి కుడి చెయ్యి మొత్తం బయటికి పెట్టి ఎత్తాను. ఇరవైసార్ల సాధన వృథా కాలేదు. కారులో బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు ఉలిక్కిపడి తనూ చెయ్యెత్తాడు. పక్కన స్టీరింగు పట్టుకుని ధన్‌సింగ్ కాకా.

మాదే.

ఈలోగా కండక్టరు ఈల వేశాడు. బస్సు ఆగింది.

"దిగుతవా అమ్మా? జల్దీ, జల్దీ."

బస్సంతా నన్ను చూస్తోంది. దిగనని చెప్పడం కంటే దిగడం తేలికనిపించింది. దిగాను.

అడవిలో, రెండు పుస్తకాలతో, నలభై నిమిషాలు నిలబడ్డాను. ఇంతవరకూ నేనా కారును ఆగి ఉన్నప్పుడే చూశాను, లేదా లోపల కూర్చుని చూశాను. రోడ్డు మీద పోతుండగా ఎలా ఉంటుందో తెలియదు. ఎంత బాగుందో! టేకు చెట్ల మధ్య నుంచి నేలకు ఆనుకుని, బంతిపూలు ఎగిరిపోతుంటే, నవ్వుకుంటూ పరుగెత్తినట్టు పోయింది.

లోపలున్నది నేను కాదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లి కర్నల్ గారికి రాశాను: సొంత కారు ఎదురైతే లెక్కలోకి వస్తుందా?

ఫిబ్రవరి 21, శనివారం

జవాబు వచ్చింది. "రాదు. అయితే ఇన్నేళ్లలో ఈ ప్రశ్న అడిగింది మీరొక్కరే. మీ కారును ఎవరు నడుపుతున్నారు?"

రేపటి నుంచి తప్పకుండా.

ఫిబ్రవరి 22, ఆదివారం

జలుబు.

ఫిబ్రవరి 24, మంగళవారం

జలుబు తగ్గింది. గొంతు మిగిలింది. కారు నడపడానికి గొంతు అక్కర్లేదని అమ్మ అంది. అమ్మ ఎప్పటి నుంచి కారు పక్షం?

ఫిబ్రవరి 26, గురువారం

0. (వెళ్లలేదు కాబట్టి ఈ సున్నా నిజాయితీ గలది కాదు.)

ఫిబ్రవరి 28, శనివారం

సత్తుపల్లాయన ఫోను. రేపు పదింటికి వస్తాడట. బాపు "అట్లనే" అని ఫోను పెట్టేసి, బయటికి వెళ్లి, కారు కడిగాడు. రెండుసార్లు తుడిచాడు. ఏమైనా అంటే బాగుండు.

ఈ నెల నడిపిన రోజులు: 7. నడపని రోజులు: 21. కాన్వెంటులో ఇలాంటి మార్కులకు సంతకం కోసం ఇంటికి పంపేవారు.

ఫిబ్రవరి 29, ఆదివారం. మధ్యాహ్నం 3.00

సత్తుపల్లాయన పదికి ముందే వచ్చాడు. జేబులోంచి టేపు తీసి వెనక భాగం కొలిచాడు. "హంస మెడ నాలుగడుగులండీ. సరిపోద్ది. ఈ సీట్లు ఎటూ పనికిరావు, తీసేద్దాం." సీటును కాలితో తట్టాడు.

కాలితో!

"ఒకసారి నడిపి చూపించండి, ఇంజిను చప్పుడు వింటాను."

కాకా డ్యూటీలో ఉన్నాడు. బాపు తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. వీధిలో అప్పటికే పదిమంది చేరారు. అందరూ నన్నే చూస్తున్నారు.

బాపు చేతిలోంచి తాళంచెవి తీసుకుని ఎక్కాను. సత్తుపల్లాయన పక్క సీటు తలుపు మీద చెయ్యి వేశాడు.

"మీరు కాదండీ," అన్నాను. నేనే అన్నాను, గట్టిగా. "బాపూ, ఎక్కు."

"మరి నేను?" అన్నాడాయన.

అమ్మ వరండాలోంచి అంది. "సీట్లు రెండే అన్నా. మా ఇంట్ల ఎప్పుడూ గదే లొల్లి. రా, ఛాయ్ తాగు."

గుడి దాటాను. మొండికుంట దాటాను. సారపాకలో లారీల మధ్య నుంచి పోయాను. బాపు మోచెయ్యి తలుపు మీద పెట్టుకుని, ఎదురొచ్చిన ప్రతివాడికీ చెయ్యెత్తాడు. లారీకి, ఎడ్లబండికి, సైకిలు మీద గడ్డిమోపుకి. కొందరు తిరిగి ఎత్తారు కూడా. గోదావరి బ్రిడ్జి మీదికి రాగానే గాలికి రుమాలు ఎగిరిపోయింది. "పోనీ! పోనియ్!" అని అరిచాడు. రుమాలునా, నన్నా, తెలియలేదు. రెంటినీ పోనిచ్చాను.

భద్రాచలంలో ఇడ్లీ తిన్నాం. బాపు ఇడ్లీ తుంచుతూ అడిగాడు.

"ఇన్ని దినాలు ఎందుకు నడపలే బిడ్డా?"

"అందరూ చూస్తారు బాపూ."

"చూడనీయ్. గిట్ల ఎదురైతే ఎవల్కైనా సంతోషమే గదా."

వచ్చేసరికి ఒంటిగంట దాటింది. సత్తుపల్లాయన రెండు ఛాయ్‌లు తాగి వెళ్లిపోయాడట. టేపు మర్చిపోయాడు. అమ్మ దాంతో కారు డిక్కీ కొలుస్తోంది.

"నాలుగడుగులు లేదు," అంది. "ఇండ్ల నేను పట్ట. ఎల్లుండి పెద్దమ్మ గుడికి నన్ను ముందల కూసోబెట్టుకోని పోవాలె."

పుణెకి జవాబు రాశాను. ఖమ్మం జిల్లా: 0. నడుపుతున్నది: నేను.

మార్చి 1, సోమవారం. ఉదయం 5.15

మళ్లీ మొదలు! ఈ నెలకి ముప్పై ఒక్క రోజులు. నియమాలు పాతవే, రెండోది తప్ప. ఆదివారాలు బాపుని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

బాపు అప్పుడే లేచి, చొక్కా వేసుకుని, సోమవారమని తెలిసి కూడా పక్క సీట్లో కూర్చున్నాడు. ఆయనకి బండి నడపడం రాదు. సైకిలు కూడా రాదు.