రెండు వైపుల చేప

4 జూన్ 2025

నాతో కలిసి చేపల మీద పరిశోధన చేసే లూసియా బ్రెజిల్ నుంచి కొత్త ఫోటోలు, స్కాన్లు పంపింది. రాళ్లకు నోటితో అతుక్కుని బతికే చేపలు. మన అక్వేరియం షాపుల్లో సక్కర్ ఫిష్ అంటారే, ఆ కుటుంబమే. కానీ వీటికి ఇంకా పేరు లేదు. పొద్దున హోట్గి రోడ్ కాలేజీలో జువాలజీ పాఠం చెప్పడం, మధ్యాహ్నం నుంచి జోడ్‌భావి పేట్‌లో మా మేడగదిలో ఎవరికీ తెలియని చేపల కొలతలు!

కింద నాయిన పవర్‌లూమ్ మగ్గం ఆడుతుంటే నా టేబుల్ వణుకుతుంది. బొమ్మ గీయాలంటే మగ్గం ఆగాలి. మగ్గం ఆగాలంటే కరెంటు పోవాలి. నా సైన్స్ అంతా లోడ్‌షెడ్డింగ్ దయ.

9 జూన్

రెండు రకాలున్నాయి. నదికి ఎగువన దొరికినవాటికి తెల్ల ఒంటి మీద నల్ల చుక్కలు. దిగువన ఒకే ఒక్క రాళ్ల మడుగులో దొరికినవాటికి నల్ల ఒంటి మీద తెల్ల చుక్కలు. ఏమంటావు శీతల్ అని లూసియా అడిగింది. నవ్వొచ్చింది. ఇది నాయిన నేసే చద్దరే! ఒకవైపు ఎర్ర నేల మీద తెల్ల పువ్వు, తిప్పితే తెల్ల నేల మీద ఎర్ర పువ్వు. పుట్టినప్పటి నుంచీ కప్పుకుంటున్నాను.

అమ్మకు చూపించాను. బీడీ ఆకు కత్తిరిస్తూనే ఓ చూపు చూసి, గివి రెండు ఏడున్నయే, ఒక్కటే కద, తిప్పి పెట్టిన్రు అంది. నాయిన కూడా, డిజైన్ ఒక్కటే బిడ్డా, రంగు ఉల్టా పడ్డది అంతే అన్నాడు. ఏకగ్రీవం. ఒకే జాతి, రంగులు తారుమారు అని రాసి పంపాను. నేను అంత నమ్మకంగా రాస్తే లూసియా మాత్రం ఏం చేస్తుంది, ఒప్పుకుంది.

20 జూన్

పేపర్ జర్నల్‌కు వెళ్లింది. ఆన్‌లైన్‌లో కూడా పెట్టాం. రెండో పేరు నాది. సాయంత్రానికి అమ్మ గల్లీ అంతా చెప్పేసింది.

14 జూలై

లూసియా ఫోన్ చేసింది. దిగువన డ్యామ్ కడతారట. నల్ల చేపల మడుగు మునుగుతుంది. కంపెనీ లాయర్ మా పేపరే పట్టుకుని, ఇది ఒకే జాతి, ఎగువన బోలెడున్నాయి, ఇక్కడివి పోతే నష్టమేమిటి అంటున్నాడట. వచ్చే నెల విచారణ.

ఆ వాక్యం నాది.

15 జూలై

రెండు జాతులైతే బాగుండు. కానీ నేను జాలిపడ్డానని చేప రెండు జాతులైపోదు కదా.

22 జూలై

పళ్లు!

తెల్లదానికి కింది దవడలో పళ్లు కొన్నే, పొడవుగా. నల్లదానికి చాలా, పొట్టిగా. ఈ స్కాన్లు జూన్‌లోనే నా దగ్గరున్నాయి. చుక్కలు చూసి సంబరపడ్డాను, నోట్లోకి చూడలేదు. సిగ్గేసింది.

అయినా భయంగానే ఉంది. ఆడ మగ తేడా కావచ్చు, వయసు తేడా కావచ్చు. రెండు చోట్లా ఆడవేవో మగవేవో చూడమని, పిల్ల చేపలుంటే స్కాన్ చేసి పంపమని లూసియాకు రాశాను.

29 జూలై

పంపింది. రెండు చోట్లా ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి. పిల్లలు నా చిటికెన వేలంత కూడా లేవు. నల్లవాటి పిల్లలు అప్పుడే నల్లగా ఉన్నాయి, తెల్లవాటి పిల్లలు తెల్లగా. పళ్లూ తల్లుల పోలికే. నడిమి రకం ఒక్కటీ లేదు.

గదిలో ఒక్కదాన్నే గట్టిగా అన్నాను. చద్దర్‌కు రెండు వైపులుంటాయి, పిల్లలుండవు.

కిందికి పరిగెత్తి నాయినకు చెప్పాను. మగ్గం ఆపాడు. కరెంటు ఉండగా ఆయన మగ్గం ఆపడం నేనెప్పుడూ చూడలేదు. ఫోటోలు చాలాసేపు చూసి, మేం గూడ తప్పే చెప్పినం కదనే అన్నాడు. పాపం, చద్దర్ సంగతి ఆయన చెప్పింది నిజమే. చేప సంగతి చూసుకోవాల్సింది నేను. పోయి బొమ్మ గీసుకో, టేబుల్ ఊగదు అన్నాడు. చీకటి పడేదాకా మగ్గం చప్పుడు వినబడలేదు. ఒక్క గీత కూడా వంకర పోలేదు.

1 ఆగస్టు

పాత పేపర్ వెనక్కి తీసుకుని కొత్తది పంపాం. ఇప్పుడు రెండు జాతులు, రెండు వర్ణనలు.

19 ఆగస్టు

విచారణ అయింది. లూసియా నా బొమ్మలు రెండూ పక్కపక్కన తెర మీద వేసిందట. లాయర్ పాత పేపర్ తీశాడట. అది మా తప్పు, ఇది మా దిద్దుబాటు అందట. అధికారి పళ్ల బొమ్మ పెద్దది చేయించుకుని మరీ చూశాడట. పూర్తి సర్వే అయ్యేదాకా డ్యామ్ పని ఆపమన్నారు. రద్దు కాదు, ఆపమన్నారు, అంతే.

దానికే ఏడ్చాను. అమ్మ బీడీ చాట పక్కన పెట్టి నా తల నిమిరింది. గా నల్లది బతికినట్టేనా అని అడిగింది. ఇప్పటికైతే బతికినట్టే అన్నాను.

2 సెప్టెంబర్

అమ్మ రోజూ చాయ్ ఇస్తూ అడుగుతోంది, నల్లది, తెల్లది, ఇద్దరు మంచిగున్నరా అని.