నేలవేము పని చేసిందన్న మాట

ఆదివారం, పెద్దారవీడు

చిన్నమ్మకు రోజు విడిచి రోజు చలిజ్వరం వస్తోందని తెలిసి వచ్చాను. మంచం కింద చెంబులో నేలవేము కషాయం ఉంది. రక్తపరీక్షకు పోలేదట.

"ఎందుకు పోలేదు?" అన్నాను.

"నువ్వే గదే మీ నాయనకు ఫోన్లో చెప్పినావు, నేలవేము పని చేసిందని! ఆయన చుట్టాలందరికీ చెప్పినాడు. ఇంట్లో డాక్టరమ్మను పెట్టుకొని సూదులు పొడిపించుకోవాల్నా?"

నాది పరిశోధన డాక్టరేటు; నేను చెప్పింది ల్యాబులో గాజు పళ్లెం సంగతి. ఆకు నుంచి విడదీసిన పదార్థం అందులో మలేరియా క్రిములను చంపింది. పక్క పళ్లెంలో మనిషి కణాలనూ చంపింది. నాన్న అంత సంబరపడుతుంటే ఆ రెండోది చెప్పడానికి నోరు రాలేదు.

చర్చిలో వాక్యం చదవమంటేనే వెనక్కి జరిగే నేను ఇవాళ అరిచాను. "అది ఇంకా మందు కాలేదు చిన్నమ్మా! లే, ఆసుపత్రికి పోదాం."

ఆమె లేచి కూర్చుంది. "మరి ఇన్నేళ్లూ నువ్వు చేసేదేందే?"

ఆటో పిలిచాను. పరీక్షలో మలేరియా అని తేలింది. మొదటి మాత్ర నా ముందే మింగించాను.

"నీ కషాయమంత చేదు లేదు. ఇదన్నా పని చేస్తాదా?" అంది.

"చేస్తుంది," అన్నాను. నా పదార్థం గురించి ఆ మాట ఎప్పటికైనా అనగలనో లేదో.

రాత్రయింది. పక్క గదిలో చిన్నమ్మ మళ్లీ వణుకుతోంది. రెండో దుప్పటి కప్పి వచ్చాను. చుట్టాలలో ఇంకెవరు తాగుతున్నారో ఆ కషాయం... నాన్న మేలుకొనే ఉంటాడు, రెండో పళ్లెం సంగతి ఇప్పుడే చెప్పాలి. ఫోన్ చేతిలోనే ఉంది.