ప్రశ్నల వేళ రద్దయినందుకు అక్క వేషధారిణి మనవి

పాఠశాలల తనిఖీ అధికారి గారి సముఖమునకు, బడుల్లో మత్తుమందులపై నాటకమాడే బృందంలోని అక్క వేషధారిణి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నాటకం తర్వాత పిల్లలు ప్రశ్నలడుగుట రద్దు చేసిన తమ ఉత్తర్వు – ఒక్క బడికైనా సడలింపు కోరుట.

1. తమ ఉత్తర్వు ప్రకారం మత్తుమందు పేరెత్తక, 'చెడు అలవాటు' అని మాత్రమే పలుకుచున్నాము. మొన్నొక బడిలో పిల్లలు, కథలో తమ్ముడు గోళ్ళు కొరికి పాడైపోయాడనుకున్నారు. గోళ్ళకు ఇంత ఏడుపెందుకని బయట గేటు దగ్గర నన్నే ఆపి అడిగారు. ఏం చెప్పను?

2. పోలీసు ఇన్‌స్పెక్టరు పాత్ర మొదటి రంగంలోనే రావలెనన్నారు. వస్తున్నాడు. వచ్చి, చివరిదాకా ఏం చేయాలో తోచక కూర్చుంటున్నాడు. దీనిపై మాకు అభ్యంతరం లేదు, ఓపికా లేదు.

3. అసలు బాధ ఇది. ఆట అయ్యాక మేము రంగు తుడుచుకోము. వేషాలతోనే వేదిక మెట్ల మీద కూర్చుంటాము. టీచర్లను అడగలేనివి పిల్లలు అక్కను అడుగుతారు. నలభై దాటినా నేను రెండు జడలు వేసుకుని తిరిగేది అందుకే. తమరు విచ్చేసిన రోజున వెనక వరుసలో ఒక ఆడపిల్ల లేచి, "అక్కా, తమ్ముడి సంగతి ఇంట్లో చెప్పేశావు కదా. తర్వాత మీ తమ్ముడు నీతో మాట్లాడాడా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా తమరు మైకు అందుకుని, "టైమైపోయిందమ్మా, కూర్చో. మిగతా అందరూ ప్రతిజ్ఞకి లేవండి" అన్నారు. అందరూ లేచారు. ఆ పిల్ల కూర్చుంది.

మర్నాడే ప్రశ్నలు రద్దయినవి. ఆ బడికి మేము మళ్ళీ వెళ్ళరాదని కూడా అందులోనే ఉన్నది.

అయ్యా, అది నాటకం గురించి అడిగిన ప్రశ్న కాదు. ఆ పిల్ల ఇంట్లోనూ ఒక తమ్ముడో అన్నో ఉన్నాడు. చెప్పాలా వద్దా అని నలిగిపోతోంది. నా మాట కోసం చూస్తూ ఉంటుంది. నాకు అన్నం సయించడం లేదు.

కావున దయతలచి ఆ బడిలో నన్ను ఒక్క పూట కూర్చోనివ్వ ప్రార్థన. నాటకం వద్దు, మైకు వద్దు, కుర్చీ కూడా అక్కర్లేదు. అలసిన ప్రాణం చేసుకునే ఈ మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అక్క వేషం వేసే మనిషి

మరొక మాట: ఆ పిల్లను మాత్రం ఆఫీసుకు పిలిపించకండి, బెదిరిపోతుంది. నాటకంలో తమ్ముడి వేషం కట్టేది నా సొంత తమ్ముడే. అది వాడి కథే. ఇంట్లో చెప్పినందుకు తిట్టరాని తిట్లు తిట్టి, ఏడాదిపాటు నా మొహం చూడలేదు. ఇప్పుడు రోజూ నా ప్రాణం తీస్తున్నాడు: "ఇంకా వెళ్ళలేదా అక్కా? నేను మాట్లాడానని చెప్పు ఆ పిల్లకి."