దర్వాజకు ఆనించిన పెట్టె

నర్సవ్వ వదినెకు, దోహా నుంచి నీ మరిది రాస్తున్నాను.

అన్న శవం వచ్చిన పెట్టెను దర్వాజకు ఆనించి ఉంచావని నువ్వు పంపిన ఫోటో చూశాకే తెలిసింది. "పడేయబుద్ధి గాలే. చెదలు వట్టినయా, మందేమన్న ఉన్నదా?" అని అడిగావు. చెదలైతే మట్టి కనబడేది. ఇది వానకు నాని చివికిపోయిన చెక్క. ప్రపంచకప్ స్టేడియంలో అన్న చేసిన షట్టరింగ్ పనే, కాంక్రీటు పోసేందుకు చెక్క పలకలు బిగించే పనే, నేనూ చేస్తున్నాను, ఇలాంటి పలకలు రోజూ చూస్తాను. దీనికి మందు లేదు.

ఆ తడి దర్వాజకూ పాకుతుంది. అడుగున మొల గుచ్చి చూడు. మెత్తగా దిగకపోతే దర్వాజ ఇంకా దక్కుతుంది. పెట్టెను ఈరోజే తీసి కాల్చెయ్యి. నా మీద కోపమొస్తే రానీ.

వదినె, ఆ పెట్టె కంపెనీ కొట్టించింది. దర్వాజ అన్న తన చేతులతో చెక్కింది.