గాలి లేని ఉదయం

హల్, 9 ఫిబ్రవరి 1956

తమ్ముడు డెస్మండ్‌కు,

మీ బావను నువ్వు రెండుసార్లు చంపావు. ఒకసారి సముద్రంలో, ఒకసారి విచారణ బోనులో.

ఈ మాట ముందు రాయకుండా క్షేమసమాచారం రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను: నేనూ మేవిస్సూ బతికే ఉన్నాం. అబర్డీన్‌లో నీ కొత్త ఉద్యోగం బాగుందని విన్నాను. బాగుండకేం.

మేనకోడలు మేవిస్ బడికి వెళుతోందా అని అడిగావు. వెళ్లింది. "మీ నాన్న తాగి ఓడ ముంచాడటగా" అని పక్క బల్ల పిల్ల అంటే తిరిగొచ్చేసింది. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది.

రేవులో పుట్టినవాడివి. గాలి తోస్తే ఓడ వంగడాన్ని 'హీల్' అంటారు, గాలి తగ్గితే అదే లేస్తుంది. లోపల బరువు పక్కకి జరిగో నీరు చేరో ఒకే పక్కకు వాలి ఉండిపోతే 'లిస్ట్' అంటారు. ఓడల్ని చూసి సాగనంపే ఉద్యోగం చేసినవాడికి ఇది తెలియదా? బోనులో మాత్రం "గాలికి కొంచెం హీల్ అయిందండీ, అంతే" అన్నావు. ఆ ముక్కతో యజమాని కడిగిన ముత్యమయ్యాడు. ఓడ నడిపిన మీ బావ తాగుబోతయ్యాడు.

ఆఖరిసారి ఓడెక్కడానికి వెళ్తూ మీ బావ వాల్ట్ గుమ్మంలో ఆగి చెప్పాడు: "ఓడ ఎడమకి వాలుతోందని మీ తమ్ముడితో అన్నానే. 'నీ కళ్లే వాలుతున్నాయి బావా, ఎక్కు' అని నవ్వాడు."

ఇక ఎవరికీ చెప్పనిది. ఓడ కదిలే రోజు ఇంటి ఆడది రేవు వైపు చూడకూడదు, బట్టలుతికితే మొగుడు కొట్టుకుపోతాడు. సభల్లో ఈ నమ్మకాన్ని బానిసత్వమని తిట్టిన నోరు నాది. ఆ ఉదయం రైలు వంతెనెక్కి చూశాను. చేపలు పొగబెట్టే కొట్టు గొట్టంలోంచి పొగ దారం పట్టి లాగినట్టు నిటారుగా లేస్తోంది. గాలి లేదు. దాని పక్కనే మన ఓడ స్తంభం ఎడమకి వాలి ఉంది. ఓడ రేవు గేటు దాటడానికి ఇంకా పావుగంట ఉంది. పరుగెత్తబోతే పక్కింటి నెల్లీ చెయ్యి పట్టుకుంది. "మొగుణ్ణి మింగుదామనా? నడు ఇంటికి."

నడిచాను. మాసిన బట్టలు కూడా ముట్టుకోలేదు. పద్దెనిమిది మంది పోయారు. అపశకునం నేనే తెచ్చానంటారని విచారణలోనూ నోరు మూసుకున్నాను.

మంగళవారం విచారణ మళ్లీ మొదలవుతుంది. నేను చూసింది చెబుతాను. వీధి ఉమ్మితే ఉమ్మనీ. నువ్వు చెయ్యాల్సినవి ఇవి:

'హీల్' అన్నది అబద్ధమని బోనెక్కి చెప్పు.
వాల్ట్ అన్న మాట, నువ్వన్న జవాబు, రెండూ చెప్పు.
ఆ అబద్ధం నీకు నేర్పినవాడి పేరు చెప్పు.
మేవిస్ ముందు నిలబడి, వాళ్ల నాన్న తాగలేదని చెప్పు.
ఆ తర్వాత నా గుమ్మం తొక్కకు.

ఇట్లు,
నీ పాపంలో సగం మోస్తున్న
అక్క ఈనిడ్