డాక్టర్ చెప్పని కారణం

రూసే, ఆదివారం

స్తాంకా అక్కా,

వార్నాలో నువ్వూ బావా కులాసా అనుకుంటాను. నా మనసు మాత్రం కుదురుగా లేదు. మానసిక వైద్యుడు వెల్కోవ్ గారు ఇక నన్ను చూడనన్నారు. మా ఆయన ల్యుబెన్ పోయాక నేను మళ్ళీ పొయ్యి వెలిగించి పిల్లకింత సూప్ కాచానంటే ఆయన చలవే. అలాంటి మనిషి మొన్న కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, ఇకనుంచి డాక్టర్ మినేవా దగ్గరికి వెళ్ళమన్నారు. ఆవిడతో మాట్లాడారట. ఆవిడ నన్ను చూడటం మొదలుపెట్టేదాకా మందులు తానే రాస్తారట. నేనేం తప్పు చేశానని అడిగాను.

"మీ తప్పేం లేదండీ. ఇక మీకు నేను సరిగ్గా వైద్యం చెయ్యలేను. ఎందుకో చెప్పే హక్కు నాకు లేదు."

ట్రాలీబస్సులో కూర్చున్నా, దాన్యూబ్ నది గట్టున తిరిగినా అదే ఆలోచన. నా ఏడుపు విని విని విసిగిపోయారా? ల్యుబెన్‌ని వ్యానుతో గుద్దిన ఆ జ్ద్రావ్‌కో చావాలని వెళ్ళిన ప్రతిసారీ శపించాను, అందుకా? మాత్రలు మానేశాను. రేపు వెళ్ళి ముఖం మీదే అడుగుతాను. చెప్పకపోతే ఫిర్యాదు చేస్తాను.

నీ నెవెనా

రూసే, బుధవారం

అక్కా,

సోమవారం వెళ్ళాను. వరండాలో బల్ల మీద జ్ద్రావ్‌కో కూర్చుని ఉన్నాడు. కోర్టులో చూసినప్పటికంటే సగమయ్యాడు. మణికట్టుకి కట్టు. పక్కన వాళ్ళమ్మ, అతని చొక్కా చెయ్యి పట్టుకుని. నన్ను గుర్తుపట్టి లేచి దగ్గరికొచ్చింది.

"నువ్వూ ఇక్కడికే వస్తావని తెలీదమ్మా. ఆసుపత్రి వాళ్ళు పంపారు. వీడు ఈ డాక్టరు దగ్గర తప్ప ఎక్కడా నోరు విప్పలేదు" అంది గొంతు తగ్గించి.

అప్పుడర్థమైంది. ఒకే గదిలో కూర్చుని ఇతని చావు కోరే నా మాటలూ, ఇతని మాటలూ ఆయన ఎలా వింటారు?

తలుపు తెరుచుకుంది. మా ఇద్దరినీ చూసి వెల్కోవ్ గారు తెల్లబోయారు. ఇతని కోసమేనా అని అడిగాను. అప్పటికీ ఏమీ చెప్పలేనన్నారు. ఈలోగా జ్ద్రావ్‌కో లేచాడు.

"ఆవిణ్ణే చూడండి డాక్టర్. నేను పోతాను."

బయటికి పోయే దారికి అడ్డంగా నేనే ఉన్నాను. జరిగితే వెళ్ళిపోయేవాడు. బయటికెళ్ళి తనని తాను ఏం చేసుకుంటాడో వాళ్ళమ్మ ముఖం చూస్తేనే తెలిసింది. నా కాళ్ళు జరగలేదక్కా.

"నేను వేరే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు లోపలికి వెళ్ళు" అన్నాను.

వెళ్ళాడు. నేను మెట్లు దిగి ఇంటికొచ్చేశాను. క్షమించాననుకోకు. ఫిర్యాదు మాట వదిలేశాను. మాత్రలు మళ్ళీ వేసుకుంటున్నాను. శుక్రవారం మినేవా గారి దగ్గరికి వెళ్ళాలి. మొదటినుంచీ అంతా మళ్ళీ కొత్త మనిషికి చెప్పుకోవాలంటే భయంగా ఉంది. వీలైతే వచ్చి గుమ్మం దాకా తోడు రా.

నీ చెల్లెలు
నెవెనా