పన్నెండు నిమిషాల సాంబ్రాణి

సత్తెనపల్లి,
ఆదివారం, ఫిబ్రవరి 9.

చిరంజీవి గీతాంజలికి నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. పూణేలో నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. దేవుడి దయవల్ల అని రాసే అలవాటు మన ఇంట్లో లేదు కనుక, అమ్మ వేసుకునే బీపీ మాత్రల వల్లా నా మొండితనం వల్లా క్షేమం అని చదువుకో. మిల్లులో మాత్రం క్షేమం లేదు.

ఫోన్లో అయితే అరుస్తానని, కాగితం మీద అరవలేను కాబట్టి ఉత్తరమే రాయమని అడిగావు. తల్లీ, నేను జీవితంలో ఎక్కువగా అరిచింది కాగితం మీదే. హేతువాద సంఘం కరపత్రాలు పాతికేళ్లుగా రాస్తున్నది ఈ చెయ్యే. అయినా నువ్వడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు రాస్తాను. మూడోదాని దగ్గరికి రావడానికి కొంచెం సమయం పడుతుంది. ఓపిక పట్టు.

మొదటిది అమ్మ మోకాలు. మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు. మన వాటా మేడ మీద. కింది వాటాలోకి మారదామంటే, "మీ పుస్తకాల మూటలు మళ్లీ నేనే దించాలి, దానికన్నా ఈ నొప్పే నయం" అంటోంది. నువ్వు పంపిన పట్టీ కట్టుకుంటోంది. గుర్తు చేస్తే విసుక్కుంటోంది.

రెండోది మిల్లు. ప్రాసెస్ మేనేజ్‌మెంట్ ఎంతవరకు వచ్చింది, పనివాళ్లు ఒప్పుకున్నారా అని అడిగావు. నువ్వు ఆఫీసులో చేసే పనే నాన్న పనిచేసే పత్తి మిల్లుకూ వచ్చిందని నీకు ముచ్చట. మొదట్లో నాకూ ముచ్చటే. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఎలా వచ్చిందో చెబుతాను. ఈ సీజను మొదట్లో మా యజమాని కోయంబత్తూరులో ఏదో సభకి వెళ్లి వచ్చాడు. వచ్చిన వారానికే హైదరాబాదు నుంచి సాయికౌశిక్ అనే కన్సల్టెంట్ దిగాడు. ఆఫీసు గది గోడంతా పసుపుపచ్చ చీటీలు అంటించాడు. పత్తి బండి గేట్లోకి రావడం దగ్గర్నుంచి దూది బేలు బయటికి పోయేదాకా ఒక్కో పనికి ఒక్కో చీటీ. ఈ పని ఎవరు చేస్తారు, ఎంతసేపు చేస్తారు, చేస్తే ఏం ఒరుగుతుంది? ఆర్నెల్లలో సర్టిఫికెట్ రావాలి, అద్దం బిగించి గోడకి తగిలించాలి, బయటి దేశపు కొనుగోలుదారుకి చూపించాలి. అదీ యజమాని తొందర. పని బాగుపడాలనే సంస్థలు ఇలాంటివి తెచ్చుకుంటాయని మీరు పాఠం చదువుకున్నారు. నేను చూసింది వేరు. పనివాడి బుర్రలో ఉన్నదాన్ని కాగితం మీదికి లాగేస్తే ఇక ఆ బుర్రతో పని ఉండదని వీళ్ల ఆశ.

ఇక్కడ నువ్వు అడ్డం పడతావు. తప్పు పద్ధతిది కాదు, అమలు చేసినవాళ్లది అంటావు. సరే, ఒప్పుకుంటాను, ఈసారికి. పోయిన వేసవిలో వచ్చినప్పుడు వంటింట్లో అమ్మ పక్కన నిలబడి, ఆవిడ చేసే ప్రతి పనికీ ఎందుకని అడిగి రాసుకున్నావు, గుర్తుందా? పప్పు కడిగిన నీళ్లు తొట్టిలో పొయ్యకుండా గిన్నెలో ఎందుకు ఉంచావంటే, కరివేపాకు మొక్కకి అంది. బయట నిలబడి చూసేవాడికి అది మతిమరుపులా కనిపిస్తుంది, చేసేవాళ్లని అడిగితేనే సంగతి తెలుస్తుంది నాన్నా, మా పనంతా ఆ అడగడమే అన్నావు. ఆ మాట నీకు గుర్తుండే ఉంటుంది. గుర్తుండాల్సింది నాకు.

ఈ మార్పుల కోసం వేసిన కమిటీలో యజమాని మనుషులే ఉంటే ఒప్పుకోం, పనివాళ్ల తరఫున ఒకరు ఉండి తీరాలని గొడవ పెట్టింది నేనే. గొడవ పెట్టాను కాబట్టి నన్నే వేశారు. నాలాంటి షిఫ్టు సూపర్‌వైజరు పనివాళ్ల ప్రతినిధి ఎలా అవుతాడని ఎవరూ అడగలేదు. పనివాళ్ల హక్కుల గురించి మైకు ముందు గంట మాట్లాడగల నేనూ అడగలేదు.

ఇక జాన్ బాషా సంగతి. మా ఫిట్టరు, నాకన్నా ఆరేళ్లు పెద్ద. నిన్ను చిన్నప్పుడు మిల్లు త్రాసు మీద కూర్చోబెట్టి తూచింది ఆయనే. తరతరాలుగా దూది ఏకిన కుటుంబం. ప్రతి షిఫ్టు మొదలయ్యే ముందు బాషా ఇనుప గిన్నెలో నిప్పులు పోసుకుని, సాంబ్రాణి వేసుకుని, పత్తి నుంచి గింజ తీసే జిన్ను మరల వరస చుట్టూ తిరిగేవాడు. ఒక్కో మర దగ్గర ఆగి, రేకు మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టి, అక్కడ పత్తి వేసే ఆడమనిషి పేరు పిలిచేవాడు. ఆమె "ఉన్నా" అనాలి. అన్నాక పొగ చూపించి ముందుకి కదిలేవాడు. ఇరవై నాలుగు మరలు, ఇరవై నాలుగు పేర్లు. అంతా అయ్యాకే స్టార్టర్ మీద చెయ్యి వేసేవాడు. ఇది పన్నెండు నిమిషాలు. సాయికౌశిక్ వాచీ పెట్టి చూశాడు.

నేను ఆ పొగని పద్దెనిమిదేళ్లుగా ఎగతాళి చేస్తున్నాను. "బాషా, యంత్రానికి దిష్టి తగిలిందా, జలుబు చేసిందా?" అనేవాణ్ణి. "నీకు తగలకుండా చూస్తున్నాలే తమ్ముడూ" అనేవాడు. నవ్వుకునేవాళ్లం. ఆయన నవ్వు వెనక ఏముందో నేను ఎన్నడూ అడగలేదు.

నవంబరు ఆఖరులో ఆ పన్నెండు నిమిషాల్ని తీసేశారు. జిన్ను మొదలుపెట్టడానికి ఐదు మెట్లుండేవి, నాలుగు చేశారు. సరిగ్గా షిఫ్టు టైముకి ట్యాబ్‌లో పచ్చ గుర్తు దానంతటదే వస్తుంది. రాగానే ఫిట్టరు స్టార్టర్ నొక్కాలి. బాషా రెండు రోజులు వాదించాడు. మూడో రోజు గిన్నె ఇంటికి తీసుకెళ్లిపోయాడు.

జనవరి ఏడో తేదీ మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు. నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. మరల కింద గింజల్ని తోసుకుపోయే కాలువ ఉంటుంది, అందులో పొడవాటి ఇనుప స్క్రూ తిరుగుతుంటుంది. ముందు షిఫ్టు గింజలు అందులో అడ్డం పడి ఉన్నాయి. తొమ్మిదో మర దగ్గర పనిచేసే శాంతి కిందికి దిగి, చేత్తో లాగుతోంది. పై నుంచి చూస్తే మనిషి కనపడదు. రెండయింది. పచ్చ గుర్తు వచ్చింది. బాషా నొక్కాడు.

గుంటూరు పెద్దాసుపత్రిలో మోచేతి పైదాకా తీసేశారు. కుడి చెయ్యి. లేని వేళ్లు దురద పెడుతున్నాయని ఏడుస్తోందట. గోకడానికి చోటు లేదు.

నేనేం చేశానో ఊహించగలవు. కరపత్రం రాశాను. "యంత్రం మింగిన చెయ్యి" అని పేరు పెట్టి, లాభం కోసం మనిషిని గడియారానికి కట్టేసిన యజమానినీ, అద్దాల గదుల్లోంచి దిగే నిపుణుల్నీ చీల్చి చెండాడాను. మంచి కరపత్రం. మిల్లు గేటు దగ్గర నేనే పంచాను.

రసూల్‌బీ తీసుకుంది. పదకొండో మర ఆమెది, పొద్దున ఆఫీసు గది ఊడ్చేదీ ఆమే. అక్కడే నిలబడి, వేలు పెట్టుకుంటూ, మొత్తం చదివింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది.

"బాగా రాశారు సార్. మీరు గీసిన గీత గురించి లేదేం ఇందులో?"

ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది. "అది పూజ అనుకున్నారు కదా మీరు? మా పేర్లు పిలిచేది దేవుడికి వినపడాలనా? ముందు పనిచేసిన మిల్లులో బాషా వాళ్ల బావమరిది మర కింద ఉండగా నొక్కేశారు సార్. మనిషి దక్కలేదు. అప్పట్నుంచి పిలుస్తున్నాడు. ఉన్నా అనకపోతే అక్కడే ఆగిపోయేవాడు. ఒకసారి నేను నీళ్ల దగ్గరుంటే, వచ్చిందాకా కదల్లేదు."

మరి ఆ సంగతే యజమానికి చెప్పొచ్చుగా, మధ్యలో సాంబ్రాణి ఎందుకు అన్నాను. నా వాదన అప్పటికీ చావలేదు చూడు.

"ఆడోళ్లని లెక్కపెట్టుకోవడానికి పన్నెండు నిమిషాలు మిల్లు ఆపుతానంటే ఏ యజమాని ఒప్పుకుంటాడు సార్? పొగ పట్టుకున్నాడు కాబట్టి నోరెత్తలేదు. దేవుడంటే ఆయనకి భయం. మేమంటే ఏం భయం?"

గీతా, ఇరవై ఐదేళ్లు మైకుల ముందు నేను చెప్పినదానికన్నా తెలివైన మాట అది. తమకి ఎవరూ ఇవ్వని హక్కుని వాళ్లు పొగలో దాచుకున్నారు. నేను పొగనే చూశాను.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. జనవరి ఎనిమిదిన పొద్దున్నే ఫోన్ చేసి, నవంబరులో నేను పంపిన చార్టు ఫొటో తీసెయ్యమని ఎందుకు అడిగానని రాశావు. కారణం చెప్పేదాకా తియ్యనని కూడా రాశావు. నా మొండితనం నీకు రావడం మంచిదయింది.

ఆ ఫొటోలో ఉన్న చార్టు నా చేతిరాత. తెలుగులో ఉంటే పనివాళ్లకి అర్థమవుతుందని గొప్పగా నేనే రాశాను. మూడో గడి చూడు. ఎర్ర సిరాతో అడ్డంగా గీత ఉంటుంది. పక్కన "మూఢనమ్మకం, తీసివేయాలి" అని ఉంటుంది. కింద నా సంతకం. సాయికౌశిక్ ఆ గడి దగ్గర ఆగాడు. "సార్, ఇది ఎందుకు చేస్తారో ఒకసారి బాషాగారిని అడుగుదామా?" అన్నాడు. నీలాగే అడిగాడమ్మా. అవసరం లేదు, ఇలాంటివి నాకు బాగా తెలుసు అన్నాను. అని, గీత గీసి, ఫొటో తీసి నీకు పంపాను. కింద ఏం రాశానో నీ ఫోన్లో ఉంటుంది: "నీ చదువు, నా సిద్ధాంతం, రెండూ కలిసిన రోజు".

చేయి పోయిన మర్నాడు నేను మొదట చేసింది శాంతి దగ్గరికి వెళ్లడం కాదు. నీకు ఫోన్ చేయడం.

ఆఫీసు గోడ మీది చార్టు ఇప్పుడు లేదు. ఎవరు తీశారో తెలియదంటున్నారు. అసలు అలాంటి మెట్టే ఎన్నడూ లేదని, ఫిట్టరు చూసుకోకుండా నొక్కాడని మేనేజరు కాగితం తయారు చేశాడు. బాషాని సస్పెండ్ చేశారు, కేసు కూడా పెట్టించబోతున్నారు. ఆ కాగితం చదివినప్పుడు కమిటీ సభ్యుడిగా నేను అక్కడే ఉన్నాను. బల్ల మీద నా ముందు టీ ఉంది. తాగాను.

బాషా ఇంటికి నిన్న వెళ్లాను. తిట్టలేదు. "నొక్కింది నా చెయ్యే కదా తమ్ముడూ" అన్నాడు. గీత గీసింది నీ చెయ్యే అని, నేను ఎదురు చూసిన ఒక్క మాటా అనలేదు.

మిల్లులో ఇప్పుడు కొత్త ఫిట్టరు. పచ్చ గుర్తు వచ్చినా ఆడవాళ్లు స్టార్టర్ నొక్కనివ్వడం లేదు. మొదటి మర దగ్గర్నుంచి వాళ్లే ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటున్నారు. పొగ లేదు. తొమ్మిదో మర దగ్గర శాంతి పేరూ పిలుస్తున్నారు. ఎవరూ పలకరు. కాసేపు ఆగి, పదోదానికి పోతారు. మేనేజరు ఓర్చుకుంటున్నాడు, విచారణ అయ్యేదాకానే.

ఈ గురువారం కాక పై గురువారం పదకొండింటికి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆ ఫొటో, దాని తేదీ, కింద నేను రాసిన ముక్క, అన్నీ కనపడేలా అచ్చు తీయించి, రెండు కాపీలు కొరియర్లో పంపు. ఒకటి రసూల్‌బీ పేరు మీద మిల్లు గేటుకి. ఒకటి నాకు. నాదొక్కటే పంపితే, గురువారం లోపు నేను మళ్లీ ఏం చేస్తానో నాకే నమ్మకం లేదు. అందుకే ఆమెకి.

ఉద్యోగం ఉండదు. సంఘంలో కొందరు, మన మార్కండేయులు సాంబ్రాణికి దాసోహమన్నాడని నవ్వుతారు. నవ్వనీ. దేవుడి మీద నా అభిప్రాయం మారలేదు. మనుషుల్ని అడగకుండానే తెలుసనుకున్న నా మీద మారింది. నువ్వు నన్ను ఏమనుకుంటావో అన్నదొక్కటే బరువుగా ఉంది. అది గురువారం తర్వాత రాయి.

విచారణ జిన్నుల దగ్గరే, అందరి ముందూ. ఆ గీత ఎవరిదని ఇన్‌స్పెక్టరు అడుగుతాడు. అడగకపోతే రసూల్‌బీ అడిగిస్తుంది. నా పేరు పిలుస్తారు. తొమ్మిదో మర పక్కన నిలబడి, అందరికీ వినపడేలా "ఉన్నా" అంటాను.

ఇట్లు,
నువ్వు అడగమన్నా అడగని
మీ నాన్న
మార్కండేయులు